గౌరవం సంపాదించిన నాయకుడు – ఒంగోలు క్లౌ దొరగారు



పదవి వలన వచ్చే మర్యాద పదవితోనే పోతుంది. ఒంగోలు క్లౌ దొరగారిని మన పెద్దలు తరతరాలుగా తలచుకోవడానికి కారణం వేరు.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో భూములు కొలిచే సర్వే పని నేర్చుకున్నారు. 1865లో భార్య హ్యారియట్ అమ్మగారితో నెల్లూరు చేరి, మరుసటి సంవత్సరం ఒంగోలుకు వెళ్ళారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడింది.

మొదట కొందరు అగ్రవర్ణాల వారు బోధ వినడానికి వచ్చేవారు. యర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యం ద్వారా మాదిగలు ప్రభువును నమ్మి రాసాగినప్పుడు, వారిని చేర్చుకుంటే తాము రామని ఆ పెద్దలు చెప్పారు. దొరగారు, అమ్మగారు వేర్వేరుగా బైబిలు తెరవగా, ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనబడింది. బీదలను ఆయన త్రోసివేయలేదు.

1876-78 సంవత్సరాలలో ఘోరమైన కరవు వచ్చింది. దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. నాడు నేర్చిన సర్వే పని అక్కరకు వచ్చింది. బోధకులే పని చూసేవారై, కూలీలు అలసి కూర్చున్నప్పుడు సువార్త చెప్పారు. ఎందరో బాప్తిస్మము అడిగారు. అయితే కూటి కోసం కలిశారన్న నింద సంఘము మీద పడకూడదని, దొరగారు సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వనీయలేదు. లెక్క పెంచి చూపే అవకాశం చేతిలో ఉన్నా ఆగారు.

సహాయం ముగిసింది, ఇక ఇచ్చేది ఏమీ లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ రోజు దొరగారు ఒక్కరికి కూడా తన చేతులతో బాప్తిస్మము ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతుల మీద నీటిలో దిగి ఇచ్చారు. పని తమదేనని వారికి ఆనాడే తెలిసింది.

1910లో ఆయన అమెరికాలో ప్రభువునందు నిద్రించారు. సంఘము మాత్రం నిలిచింది.

ప్రియులారా, పరాయి రాష్ట్రాలలో స్థిరపడిన మన సంఘాలలో కాపరులున్నారు, డీకన్లున్నారు, కమిటీ పెద్దలున్నారు. తక్కువవానిని విడువక, కష్టకాలంలో ముందుండి, లెక్కల కోసం తొందరపడక, ఘనత వచ్చే వేళ ఇతరులను ముందుకు పంపేవారిని జనం అడగకుండానే గౌరవిస్తారు. అట్టి పెద్దలను ప్రభువు మనకు దయచేయును గాక.