వేళ్ల శ్రమను లెక్కించిన ఆచార్యుడు

పదవ తరగతి పరీక్షలు ముగియగానే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, లోయరు, హయ్యరు పరీక్షలకు సాధన చేయడం ఒకప్పుడు మన పట్టణాలలో సర్వసాధారణమైన విషయం. ఎడమచేతి వేళ్లను ఎ, ఎస్, డి, ఎఫ్ అక్షరాలపై నిలిపి, ఒకే పాఠాన్ని వందలసార్లు కొట్టించేవారు. ఆ అక్షరాలు ఆ చోటనే ఎందుకున్నాయని ప్రశ్నించినవారు మాత్రం బహు తక్కువ. యంత్రానికి తగినట్లు చేతిని వంచడమే విద్య అని లోకం భావిస్తున్న కాలంలో, చేతికి తగినట్లు యంత్రాన్ని మార్చరాదా అని ఆలోచించిన అమెరికా దేశపు ఆచార్యుడు ఆగస్ట్ డ్వోరాక్.

డ్వోరాక్ 1894 మే 5వ తేదీన మిన్నెసోటా రాష్ట్రంలోని గ్లెంకో పట్టణంలో జన్మించాడు. ఆయన యంత్ర నిర్మాత కాడు, వ్యాపారి కాడు. విద్యా మనస్తత్వశాస్త్రం ఆయన అభిమాన విషయం. సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఆచార్యుడుగా పనిచేశాడు. గెర్‌ట్రూడ్ ఫోర్డ్ అనే విద్యార్థిని టైపు చేయడంలో దొర్లే తప్పుల గురించి సిద్ధాంత వ్యాసం రాయదలచి ఆయన మార్గదర్శకత్వాన్ని కోరింది. ఆమె పరిశోధనను పర్యవేక్షిస్తున్న సమయంలోనే డ్వోరాక్ మనస్సులో ఒక సందేహం అంకురించింది. ఎంతో అనుభవం గల టైపిస్టులు సైతం తరచుగా తప్పులు చేస్తున్నారంటే, ఆ దోషం మనిషిదా? మీటల అమరికదా?

నాటి అమరిక అప్పటికే అర్ధ శతాబ్దం నాటిది. మిల్వాకీ నగరానికి చెందిన క్రిస్టఫర్ షోల్స్ తన మిత్రులతో కలసి 1868లో టైపు యంత్రానికి పేటెంటు పొందాడు. 1874లో రెమింగ్టన్ సంస్థ దానిని విక్రయించసాగింది. పై వరుసలోని తొలి ఆరు అక్షరాలను బట్టి దానికి క్వెర్టీ అన్న పేరు స్థిరపడింది. షోల్స్ కాలంలో రెండు చేతుల పది వేళ్లతో, మీటలను చూడకుండా కొట్టే పద్ధతి ఇంకా వ్యాప్తిలోకి రాలేదు. కాబట్టి ఏ వేలికి ఎంత పని పడుతుందన్న విచారం ఆయనకు కలగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

డ్వోరాక్‌కు ఈ కృషిలో ఆయన బావమరిది విలియం డీలీ తోడుగా నిలిచాడు. ఆయన కూడా విద్యాశాఖలో ఆచార్యుడే. కార్మికుల కదలికలను చలనచిత్రాలుగా తీసి, అనవసరమైన శ్రమను గుర్తించిన గిల్‌బ్రెత్ దంపతుల పద్ధతి వీరిని ఆకర్షించింది. ఆంగ్లభాషలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుంది, ఏ అక్షరం పక్కన ఏది తరచుగా చేరుతుంది, ఏ వేలికి ఎంత బలమున్నది అన్న విషయాలను వీరు ఓపికగా లెక్కించారు. ఈ లెక్కలలో ఎన్నో విచిత్రాలు బయటపడ్డాయి. వేళ్లు విశ్రాంతిగా నిలిచే మధ్య వరుసలో అచ్చులలో ఒక్క ‘ఎ’ మాత్రమే ఉన్నది. దానిని కూడా బలహీనమైన చిటికెన వేలికి అప్పగించారు. అత్యధికంగా వచ్చే ‘ఇ’, ‘టి’ అక్షరాలు పై వరుసలో ఉన్నాయి. జనులలో అధికులు కుడిచేతివాటం వారు కాగా, సగానికి మించిన పని ఎడమచేతిపై పడుతున్నది.

‘మినిమమ్’ అన్న ఆంగ్ల పదాన్నే తీసుకుందాం. పాత అమరికలో ఈ పదంలోని ఏడు అక్షరాలను ఒక్క కుడిచేయే కొట్టాలి. అందులోనూ వేళ్లు కింది వరుస నుంచి పై వరుసకు, పై వరుస నుంచి కిందికి గెంతుతూ ఉండాలి. మధ్య వరుసతో పనే లేదు. ఎడమచెయ్యి ఊరకే చూస్తూ ఉంటుంది! డ్వోరాక్ అమరికలో ఇదే పదానికి కుడిచెయ్యి, ఎడమచెయ్యి ఒకదాని తరువాత ఒకటిగా కదులుతాయి. ఒక చెయ్యి మీటను నొక్కే లోపల రెండవది తన మీటకు సిద్ధమవుతుంది. జోడు వాయిద్యం వంటి ఈ లయలోనే వేగానికి, సుఖానికి మూలమున్నదని ఆయన గ్రహించాడు.

ఆయన చేసిన మార్పు వినడానికి చాలా సరళమైనది. ఎ, ఓ, ఇ, యు, ఐ అన్న ఐదు అచ్చులను ఎడమచేతి వైపు మధ్య వరుసలో ఉంచాడు. డి, హెచ్, టి, ఎన్, ఎస్ అన్న హల్లులను అదే వరుసలో కుడివైపున ఉంచాడు. అరుదుగా వచ్చే అక్షరాలకు కింది వరుస దక్కింది. పాత అమరికలో సుమారు 32 శాతం మాత్రమే ఉన్న మధ్య వరుస పని దీనివల్ల 70 శాతానికి పెరిగింది. వేళ్ల ప్రయాణం ఆ మేరకు తగ్గింది. 1932లో సమర్పించిన దరఖాస్తుకు 1936 మే 12న పేటెంటు లభించింది. అదే సంవత్సరం నెల్లీ మెరిక్, డీలీ, ఫోర్డ్‌లతో కలసి ఆయన టైపు విద్యను గురించి ఒక బృహద్గ్రంథాన్ని వెలువరించాడు.

అయితే లోకం ఆయనను స్వాగతించలేదు. అది ఆర్థిక మాంద్యం అమెరికాను కుదిపివేస్తున్న కాలం. ఉన్న యంత్రాలను మార్చి, నేర్చినవారికి మళ్లీ నేర్పే స్తోమత కార్యాలయాలకు లేదు. టైపిస్టు కొత్త అమరికను నేర్చుకొంటే ఆ యంత్రమున్న కొలువు దొరకాలి. యజమాని కొత్త యంత్రాన్ని కొంటే దానిని నడిపే మనిషి దొరకాలి. ఇద్దరిలో ఎవరు ముందడుగు వేసినా నష్టమే. ఈ చిక్కుముడిని విప్పడం ఒక్క ఆచార్యుని శక్తికి మించినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో డ్వోరాక్ నౌకాదళంలో అధికారిగా ఉన్నాడు. 1944లో నౌకాదళం నిర్వహించిన ప్రయోగంలో, 14 మంది టైపిస్టులకు కొత్త అమరికను నేర్పగా వారి వేగం ఎంతో పెరిగినట్లు నివేదిక వచ్చింది. కాని 1956లో ఎర్ల్ స్ట్రాంగ్ ప్రభుత్వం కోసం జరిపిన పరీక్షలో భిన్నమైన ఫలితం తేలింది. పాత అమరిక మీదనే అదనపు శిక్షణ ఇస్తే టైపిస్టులు అంతకంటే మెరుగవుతారని స్ట్రాంగ్ నిర్ణయించాడు. దానితో ప్రభుత్వ కార్యాలయాల తలుపులు మూసుకున్నాయి. ఏ పరీక్ష నిష్పాక్షికమైనదన్న వివాదం తరువాత ఆర్థికశాస్త్రవేత్తల మధ్య 1985, 1990 సంవత్సరాల వ్యాసాలలో కూడా కొనసాగింది. తాను సృష్టించిన వస్తువుకు తానే ప్రధాన ప్రచారకుడు కావడం డ్వోరాక్ వాదాన్ని బలహీనపరచిందని చెప్పక తప్పదు. వేగాన్ని గురించిన వాదన ఎటు తేలినా, వేళ్ల ప్రయాణం తగ్గిందన్న ఆయన లెక్కను మాత్రం కాదనడం కష్టం.

ఆయన చేయక విడిచిన పని కూడా ఒకటున్నది. అక్షరాలను మార్చాడు గాని, మీటల ఫలకం ఆకారాన్ని ముట్టుకోలేదు. రెండు చేతులను ఇరుకుగా దగ్గరకు చేర్చి, మణికట్లను పక్కలకు వంచే ఆ ఫలకాన్ని రెండుగా చీల్చాలని జర్మనీలో క్లోకెన్‌బెర్గ్ 1926లోనే ప్రతిపాదించాడు. డ్వోరాక్ మరణానంతరం 1977లో ఇంగ్లండులో లిలియన్ మాల్ట్, స్టీఫెన్ హాబ్డే రూపొందించిన మాల్ట్రాన్ కీబోర్డు మీటలను రెండు గుంపులుగా విడదీసి, ఒక్కొక్క చేతి కింద పల్లంగా అమర్చింది. నేడు తమ చేతుల కొలతకు తామే విడి కీబోర్డులను తయారు చేసుకొనే ఔత్సాహికులు ఈ రెండు ఆలోచనలను ఒకచోట కలుపుతున్నారు.

మన దేశంలో 1986లో ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికలోనూ అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులలో అధికభాగం కుడిచేతికి వస్తాయి. మన లిపుల వర్ణక్రమమే దానికి పునాది. అయినా తెలుగులో హల్లు, గుణింతం కొట్టేటప్పుడు రెండు చేతులు వంతులవారీగా కదలడం డ్వోరాక్ కోరిన లయను తలపిస్తుంది.

అపజయాలు ఎదురైనా డ్వోరాక్ కృషి మానలేదు. 1960లలో ఒక్క చెయ్యి మాత్రమే ఉన్నవారి కోసం ఎడమచేతికి ఒకటి, కుడిచేతికి ఒకటి చొప్పున ప్రత్యేక అమరికలను రూపొందించాడు. 1975 అక్టోబరు 10న ఆయన కన్నుమూశాడు. ఏడేళ్ల తరువాత, 1982లో, అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఆయన అమరికను ప్రత్యామ్నాయ ప్రమాణంగా అంగీకరించింది. కంప్యూటరులో అమరికను మార్చడానికి కొత్త యంత్రం అక్కరలేదు, ఒక ఎంపిక చాలు. ఇప్పటి విండోస్ కంప్యూటర్లలో ఆ ఎంపికల జాబితా తెరిస్తే డ్వోరాక్ పేరు మూడుసార్లు కనిపిస్తుంది. ఒకటి రెండు చేతులకు, ఒకటి ఎడమచేతికి, ఒకటి కుడిచేతికి.