600 సీసీ బండిని 950 సీసీకి పెంచిన బర్ట్ మన్రో

లారీ ఇంజిన్ పొగ కక్కుతూ ఆయిల్ తాగడం మొదలుపెడితే ఇంజిన్ బోరుకు వచ్చిందంటారు మెకానిక్‌లు. విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద బండికి ఆ గతి పడితే, రాయపూర్ గ్యారేజీల్లోనే సిలిండర్‌ను లోపల కాస్త కోయించి, గుండ్రం సరిచేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేయిస్తారు. అరిగిన ఇంజిన్‌ను బాగుచేసే పని ఇది. అదే పనిని ఇంజిన్ కెపాసిటీ పెంచడానికి చేసేవాళ్లూ ఉన్నారు. ఇసుకలో, బురదలో తిరిగే ఏటీవీలకు, రేసు బైకులకు ఇలా బోరు పెంచడం చాలా దేశాల్లో మామూలే. ఆ పనిని ఎవరూ ఊహించనంత దూరం తీసుకెళ్లిన వ్యక్తి న్యూజిలాండ్‌కు చెందిన బర్ట్ మన్రో.

మన్రో 1899 మార్చి 25న న్యూజిలాండ్ దక్షిణపు అంచున, ఇన్వర్‌కార్గిల్ ప్రాంతంలో పుట్టారు. రైతు కుటుంబం. కవలల్లో చెల్లెలు పుట్టుకలోనే చనిపోయింది. ఈ పిల్లాడు కూడా రెండేళ్లకు మించి బతకడని డాక్టర్లు చెప్పారు. కుర్రతనంలో సైడ్‌కార్ ఉన్న క్లైనో బైకు కొని, ఆ సైడ్‌కార్‌ను ఊడదీసి పందేలకు వెళ్లేవారు. 1920లో ఇండియన్ స్కౌట్ అనే మోటార్‌సైకిల్ కొన్నారు. పేరులో ఇండియన్ ఉన్నా దానికి మన దేశంతో సంబంధం లేదు, అది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారైన బండి.

అప్పటికి ఆ స్కౌట్ గట్టిగా పరిగెడితే గంటకు 90 కిలోమీటర్ల లోపే. రెండు సిలిండర్లు, ఒక్కోదాని బోరు సుమారు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 78 మిల్లీమీటర్లు. మొత్తం 600 సీసీ. 1926 నుంచి మన్రో ఆ ఇంజిన్‌ను విప్పి మార్చడం మొదలుపెట్టారు. అది ఇంకో నాలుగు దశాబ్దాలు ఆగలేదు.

ఇక్కడ లెక్క చూడాలి. సిలిండర్ వైశాల్యం వ్యాసానికి వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి బోరు కొద్దిగా పెంచినా సీసీ ఎక్కువే పెరుగుతుంది. 70 మిల్లీమీటర్ల బోరును 73 చేస్తే 600 సీసీ ఇంజిన్ 650 దాకా వెళ్తుంది. చూడ్డానికి లాభసాటి బేరమే. కానీ సిలిండర్ గోడ మందం ఎంతో కాదు. కోసేకొద్దీ పలచబడుతుంది, వేడికి వంగుతుంది. పిస్టన్ బరువు పెరుగుతుంది, ఆ భారమంతా కనెక్టింగ్ రాడ్ మీద, క్రాంక్ మీద పడుతుంది. స్ట్రోకు మార్చకుండా 950 సీసీ తేవాలంటే బోరు 88 మిల్లీమీటర్లు కావాలి. అంటే 18 మిల్లీమీటర్లు అదనం. పాత సిలిండర్‌లో అంత ఇనుము ఉండదు. ఎంత మంచి లేతు షాపు అయినా లేని లోహాన్ని కోయలేదు.

అందుకే మన్రో విడిభాగాలను తానే చేసుకున్నారు. పాత డబ్బాలను అచ్చులుగా వాడి పిస్టన్లు పోతపోశారు. సిలిండర్ బ్యారెళ్లు, ఫ్లైవీళ్లు కూడా ఇంటి దగ్గరే తయారయ్యాయి. కనెక్టింగ్ రాడ్లను క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ ఇరుసు ఉక్కు నుంచి చేత్తో చెక్కారు. కొలతకు మైక్రోమీటర్ బదులు పాత చక్రం పుల్ల వాడేవారు. పక్కన ఉండే వాల్వ్‌లను తీసేసి ఓవర్‌హెడ్ వాల్వ్ హెడ్‌లు అమర్చారు. కొలతల్లో నూరో వంతు తేడా వస్తేనే పిస్టన్ పట్టేసే ఇంజిన్‌కు ఈ పనిముట్లు సరిపోయాయంటే నమ్మడం కష్టమే. నిజానికి అన్నిసార్లూ సరిపోలేదు. పగిలిన పిస్టన్లు, విరిగిన రాడ్లు షెడ్డులో అల్మారా నిండా పేరుకుపోయాయి. ఆ అల్మారాకు ఆయన వేగపు దేవుడికి నైవేద్యాలని పేరు రాసి పెట్టుకున్నారు.

దీనికి ఖర్చయింది లోహం మాత్రమే కాదు. మన్రో పగలు మోటార్‌సైకిళ్లు అమ్మే ఉద్యోగం చేసేవారు, రాత్రి ఇంజిన్ పని. కొన్నిసార్లు తెల్లారేదాకా పనిచేసి, అటునుంచి అటే ఉద్యోగానికి వెళ్లేవారు. భార్యతో విడిపోయాక ఉద్యోగమూ వదిలేసి, ఆ చిన్న గ్యారేజీలోనే కాపురం పెట్టారు. గుండె నొప్పి కూడా వెంటాడింది. దీన్ని పట్టుదల అనాలో పిచ్చి అనాలో ఆయన ఇంటివాళ్లే చెప్పాలి.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బోన్నెవిల్ ఉప్పు మైదానం ఉంది. మైళ్ల కొద్దీ చదునైన నేల కాబట్టి వేగం రికార్డులకు అదే చోటు. మన్రో అక్కడికి పదిసార్లు వెళ్లారు, తొమ్మిదిసార్లు పోటీ చేశారు. 1962లో, 63 ఏళ్ల వయసులో, 850 సీసీకి పెంచిన అదే స్కౌట్‌కు చేప ఆకారపు తొడుగు వేసి గంటకు 288 కిలోమీటర్ల రికార్డు సాధించారు. 1966లో మరో రికార్డు వచ్చింది. 1967లో ఇంజిన్ 950 సీసీకి చేరింది. 68 ఏళ్ల మన్రో 1000 సీసీ లోపు విభాగంలో గంటకు 295 కిలోమీటర్లు దాటారు. అర్హత కోసం ఒకవైపు తీసిన పరుగులో వేగం 305 కూడా దాటింది. బండి కొని అప్పటికి 47 ఏళ్లు. కంపెనీ ఇచ్చిన వేగానికి మూడు రెట్లు పైనే.

సీసీ ఒకటిన్నర రెట్లే పెరిగితే వేగం మూడు రెట్లు ఎలా పెరిగింది? పైగా వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. అంటే బోరు ఒక్కటే ఆ పని చేయలేదు. వాల్వ్‌లు, ఇంధనం, తొడుగు, వందలసార్లు విప్పి బిగించిన అనుభవం, అన్నీ కలిశాయి. బోరు పెంచితే చాలు బండి ఎగురుతుందనుకునే కుర్రాళ్లు ఈ అంకెల దగ్గర కాసేపు ఆగడం మంచిది.

చివరి ఏళ్లలో ఆరోగ్యం సహకరించక మన్రో రేసులు మానేశారు. బండ్లను ఇన్వర్‌కార్గిల్‌కే చెందిన నార్మన్ హేస్‌కు అమ్మేశారు. 1978 జనవరి 6న, 78 ఏళ్ల వయసులో చనిపోయారు. 2005లో ఆంథోనీ హాప్కిన్స్ ఆయన పాత్ర పోషించిన సినిమా వచ్చాక ప్రపంచమంతా ఆ పేరు విన్నది. 2014లో ఆయన కొడుకు జాన్ 1967 నాటి రికార్డు లెక్కలో పొరపాటు గమనించారు. రెండు పరుగుల సగటును తక్కువగా వేశారు. అమెరికన్ మోటార్‌సైకిలిస్ట్ అసోసియేషన్ దాన్ని సరిచేసి, గంటకు 183.59 మైళ్లు ఉన్నచోట 184.087 అని రాసింది.