ఆర్థరు కాటను దొర - గోదావరి మండలము

గోదావరి మండలము సృష్ట్యాది నుండి అన్నపూర్ణగనే యున్నదని మనలో పెక్కుమంది తలచుచుందురు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. నూట ఎనుబది సంవత్సరములకు పూర్వము చెన్నపురి రాజధానిలోని మిక్కిలి దీనములైన మండలములలో అది యొకటి. 1821లో 7 లక్షల 38 వేలుగా నుండిన రాజమహేంద్రవర మండలపు జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయెను. 1832-33లో వచ్చిన క్షామమును గుంటూరు వారు డొక్కల కరవని పిలిచిరి. ఆ యొక్క మండలముననే ఐదు లక్షల ప్రజలలో సుమారు రెండు లక్షల మంది నశించిరి. గోదావరి తీరము సైతము ఆ బాధను తప్పించుకొనలేదు. 1839లో కోరంగి రేవుపై ఉప్పెన విరుచుకొని పడెను. అంతకు ముందే ఇంజరము, మాధవాయపాలెము మొదలైన చోట్ల కుంఫిణీవారు బట్టల వ్యాపారము విడిచిపెట్టినందున సాలెల మగ్గములు మూలబడినవి. భూమి శిస్తు మాత్రము తగ్గలేదు. ఇన్ని బాధలు పడుచున్న జనుల కండ్లయెదుటనే ప్రతి వర్షర్తువునందును గోదావరి రెండు గట్లు నొరసికొని సముద్రములో కలియుచుండెను. నీరు లేక కాదు, నీటిని పొలమునకు త్రిప్పు దిక్కు లేక ఆ మండలము చెడినది.

ఆ దిక్కు పరదేశమునుండి, పరప్రభుత్వపు కొలువులో నుండి వచ్చినది. ఈ మాట వ్రాయుటకు మేము సంకోచింపము. ఒకని గుణమును ఒప్పుకొన్నంత మాత్రమున అతడు కొలిచిన ప్రభుత్వమును ఒప్పుకొన్నట్లు కాదు.

ఆర్థరు కాటను 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. ఆడిస్కోంబులోని కుంఫిణీవారి సైనిక పాఠశాలలో చదివి, పదునారేండ్ల ప్రాయమున చెన్నపురి ఇంజనీర్ల దళములో చేరి, 1821లో ఈ దేశమున అడుగిడెను. పాంబను జలసంధిని కొలిచెను. బర్మా యుద్ధమునకు పోయివచ్చెను. దక్షిణ మండలముల చెరువులపై అధికారము వహించెను. ఇవి యన్నియు నాటి ప్రతి ఇంజనీరును చేసిన పనులే. ఆయనకు నిజమైన విద్య కావేరి యొడ్డున లభించినది. చోళరాజుల నాటిదని ప్రసిద్ధి గల కల్లణై ఆనకట్ట ఇసుక నేలపై శతాబ్దుల తరబడి నిలిచియుండుట ఆయన చూచెను. లోతెరుగని ఇసుకలో పునాది వేయుట యెట్లో ఆ ప్రాచీనుల పనినుండియే తాను నేర్చితినని పిమ్మట ఆయనయే దాచక వ్రాసెను. తెల్లదొరల వ్రాతలలో ఇట్టి ఒప్పుకోలు అరుదు గనుక దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము. ఆ విద్యతోనే 1835-36లో కొల్లడముపై ఆనకట్టలు కట్టి, తంజావూరు మాగాణమును ఎండిపోకుండ కాపాడెను.

దేహము చెడి సెలవు తీసికొని ఆస్ట్రేలియా వైపు పోయి, అచ్చట 1841లో వివాహమాడి తిరిగివచ్చిన పిమ్మట ఆయనకు ఉత్తర సర్కారులలో పని కలిగెను. 1844లో గోదావరిని పరిశీలించి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. మన భూస్వాములును పురజనులును ముఖ్యముగా గమనింపవలసినది ఈ నివేదికలోని యోచనను.

నదీముఖమున నుండు భూమి స్వభావమును ఆయన మొదట పట్టుకొనెను. సాధారణముగా నేల నదివైపు వాలియుండును. డెల్టాలో అట్లు గాదు. నది వేలయేండ్లుగా ఒండ్రు తెచ్చి తన గట్లమీదనే హెచ్చుగా పోయుటచేత గట్టు మెరకగా నుండి, అచ్చటినుండి నేల ఇరుప్రక్కలకును సముద్రము వైపునకును వాలుచు పోవును. కావున నది చీలు తావున, ధవళేశ్వరము కడ, నీటిమట్టమును కొన్ని యడుగులు లేపినచో చాలును. అచ్చటి నుండి తీసిన కాలువ తనంతట తానే మండలమంతయు పారును. గోదావరికంటె చిన్నదియైన కావేరి తంజావూరును అంత భాగ్యవంతముగా చేసినప్పుడు గోదావరి ఈ మండలమును దరిద్రముగా నుంచుట పాలకుల లోపమేగాని ప్రకృతి లోపము కాదని ఆయన వాదించెను.

ఆయన అడిగినది గోడ యొక్కటి కాదు. ఆనకట్ట, దాని ప్రక్క తలతూములు, ఇసుక తోలు తూములు, పడవలు నడుచు ప్రధాన కాలువలు, పడవలను మెట్టు దించుటకు లాకులు, పిల్లకాలువలు, వరదకట్టలు, మురుగుకాలువలు, వంతెనలు, బాటలు, తుదకు సముద్రపు రేవునకు చేరు మార్గము - ఇవి యన్నియు ఒకే సంకల్పములోని యంగములు. ఏ యొక్కటి తీసివేసినను తక్కినవి సగము పనికే వచ్చును. ఆనకట్టకు మాత్రము ఆయన వేసిన అంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. లెక్క తక్కువ వేసెననుట నిజము. వ్యయము దానిని మించిపోయినది. వ్యయము మొత్తము ముందే తెలిసియున్నచో లండను డైరెక్టర్లు అనుమతించియుందురా అని మాకు సందేహము. 1846 సంవత్సరాంతమున అనుమతి వచ్చెను; 1847లో పని ఆరంభమయ్యెను.

ధవళేశ్వరము కడ గోదావరి లంకలతో కూడ సుమారు నాలుగు మైళ్ల వెడల్పు. నడుమ లంకలుండుటచే ఆనకట్ట నాలుగు ముక్కలైనది: ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము. కట్టుబడి మాత్రము రెండుంబావు మైళ్లు; ఎత్తు పండ్రెండడుగులు. రాయి చెంతనేయున్న ధవళేశ్వరము కొండనుండి వచ్చినది. పని ముమ్మరముగా నున్నపుడు పదివేల మంది కూలీలు నదిలో దిగిరి. వారిని కూర్చి, నడిపి, పనిని నిలబెట్టిన వీణెము వీరన్న పేరు ఆంధ్రులు మరువరాదు. ఆయనకు పిమ్మట రాయ్ బహదూరు బిరుదు లభించినది. 1848లో కాటను జబ్బుపడి మరల ఆస్ట్రేలియాకు పోగా కాప్టెను ఆర్ పనిని నడిపించెను. 1850లో కాటను తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట ముగిసెను. ఎండలో రాళ్లు మోసిన ఆ పదివేల మందిలో ఎవరెవరు ఏ యూరివారో, ఎందరు వరదకును జ్వరములకును బలియైరో చెప్పు శిలాశాసనము లేదు.

ఆనకట్ట పూర్తియైన వెంటనే కాలువలు మూడు దిక్కులకును సాగినవి. మధ్య డెల్టాలోని నాగరము లంకకు నీరు పంపుటకు వైనతేయ పాయ అడ్డుగా నుండగా, హేగు అను యువ ఇంజనీరు గన్నవరము కడ నలువదితొమ్మిది కమానుల అక్విడక్టు కట్టి నదిమీదుగా కాలువను దాటించెను. 1852-55 నడుమ బెజవాడలో కృష్ణకు ఆనకట్ట వచ్చినది. ఏలూరు కాలువతో గోదావరి నీరును కృష్ణ నీరును కలిసికొన్నవి. ఇంకను దక్షిణమున బకింగుహాము కాలువ చేరిన పిదప కాకినాడలో ఎక్కించిన ధాన్యపు బస్తా సముద్రమును తాకకయే పడవమీద చెన్నపట్టణము చేరగలిగినది.

ఈ సంబంధములోనే మండలపు అభివృద్ధి రహస్య మున్నదని మా అభిప్రాయము. పూర్వము మంచియేట ధాన్యము కొనువాడు లేడు; చెడ్డయేట అమ్మువాడు లేడు. పక్క తాలూకాలో గాదెలు నిండియున్నను బండ్లపై తెచ్చు ఖర్చు ధాన్యపు వెలను మించుచుండెను. కాలువ ఒకే త్రవ్వకముతో రెండు పనులు చేసినది. పైరుకు నీరిచ్చినది, పంటకు బజారు చూపినది. ధాన్యమునకు స్థిరమైన వెల యేర్పడగనే రైతు చెరువుభూమిని విడిచి కాలువక్రింద భూమి కొనసాగెను. సార్వాకు తోడు, నీరు అందిన చోట, దాళ్వా వచ్చినది. చెరకు, అరటి, కొబ్బరి విస్తరించినవి. కోరంగి పూడిపోగా కాకినాడ రేవు పెరిగినది. ధాన్యము వెంట బియ్యపు మరలు, మరల వెంట వడ్డీవ్యాపారులు, వారి వెంట వకీళ్లు, పాఠశాలలు, ముద్రణాలయములు వచ్చినవి. 1891 నాటికి గోదావరి మండల జనసంఖ్య ఇరువది లక్షలు దాటెను. 1859లో మండలపు టెల్లలు మారినవి గనుక దీనిని 1841 లెక్కతో నేరుగా పోల్చుట న్యాయము కాదు. అయినను దిగుచుండిన జనము ఎక్కసాగినదనుటకు ఆక్షేపణ లేదు. డెల్టా ధనము పిమ్మట చెన్నపట్టణమునకును హైదరాబాదునకును పోయి, పత్రికలు, చలనచిత్రములు, కర్మాగారములుగా మారిన కథ మన పాఠకులకు క్రొత్తది కాదు.

లెక్క పుస్తకమునకు రెండవ పుట కూడ కలదు. పెట్టుబడిపై నూటికి పది రూపాయలకు మించి ఆదాయము సర్కారు ఖజానాకు ఏటేట చేరినది. ఆ మిగులులో తగిన భాగము మురుగుకాలువలకు ఖర్చుపెట్టి యుండినచో శివారు గ్రామములు దశాబ్దుల పాటు నీట మునిగి, జ్వరములతో తీసికొనియుండవు. నీరు తెచ్చుటలోని త్వర, నీరు తీసివేయుటలో లేకపోయెను. కాటను సంకల్పములోని అంగములలో ముందుగా ఉపేక్షింపబడినది ఇదియే. భూమి గలవాడు భాగ్యవంతుడాయెను. భూమి లేనివాడు ఆ భాగ్యమునకు కూలియాయెను. కాలువలు పారుచున్న కాలముననే కోరంగి, కాకినాడ రేవులనుండి వేలకొలది తెలుగు కూలీలు రంగూను ఓడలెక్కిరి. అక్కడివారు వారిని కోరంగీలనియే పిలిచిరి. మండలము వృద్ధిచెందుటయు మండలములోని ప్రతివాడు వృద్ధిచెందుటయు ఒకటి కాదని ఆ ఓడలు చాటినవి.

కాటను తలచిన కార్యము లన్నియు ఫలించెననుటయు అసత్యము. గోదావరిని ధవళేశ్వరము నుండి మధ్యపరగణాల వరకు పడవలకు తెరువవలెనని ఆయన మహోత్సాహము. దుమ్ముగూడెము కడ ఆనకట్టయు లాకులును వచ్చినవి. కాని రాతి ప్రవాహములు మూడింటిని దాటుట ప్రభుత్వమునకు భారమై 1871లో ఆ పని విడువబడినది. తుంగభద్ర విషయము మరింత బోధకము. 1858లో ఏర్పడిన చెన్నపురి ఇరిగేషను కంపెనీకి ప్రభుత్వము నూటికి ఐదు చొప్పున వడ్డీ పూచీ ఇచ్చినది. సుంకేసుల ఆనకట్ట, కర్నూలు - కడప కాలువ కట్టిరి. వడ్డీ ఎట్లును వచ్చును గనుక వ్యయమును అదుపులో నుంచు అక్కర కంపెనీకి లేకపోయెను. నల్లరేగడి రైతు జొన్న, ప్రత్తి వానకే పండును గనుక నీటితీరువ చెల్లించుటకు ముందుకు రాలేదు. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చినది. ధవళేశ్వరములో కాటను నేలనెరిగి యోచించెను. వరి పండించు రైతు నీటికొరకు కాచియుండెను. కర్నూలులో పటము, పెట్టుబడి ముందు పుట్టి, రైతు పిమ్మట వెదకబడెను. ఒకే మేధ నుండి వెలువడిన రెండు పనులు అట్లు వేరు ఫలముల నిచ్చినవి.

1861లో సర్ బిరుదము పొంది, ఈ దేశపు కొలువు విడిచిన పిదప ఆయన విశ్రమించలేదు. ఇనుపదారులకంటె కాలువలు చవుకయనియు, క్షామమును ఆపునవి అవియే యనియు ఇంగ్లండులో వ్రాసియు, ఉపన్యసించియు అధికారులకు కంటకమాయెను. కోటానుకోట్ల మూలధనము రైళ్లకు పోవుచు, నీటిపనులకు చిల్లర విసరబడుచున్న కాలమది. 1902 వరకు నీటిపనుల వ్యయము ఇనుపదారుల వ్యయములో సుమారు పదియవ వంతేయని రమేశచంద్ర దత్తు తన ఆర్థిక చరిత్రలో లెక్క చూపెను. దక్షిణదేశమును 1876-78 మహాక్షామము ఊడ్చిన పిమ్మట పార్లమెంటు సంఘము 1878లో ఈ వాదమును విచారించినది. డెబ్బదియైదేండ్ల వృద్ధుని ప్రశ్నలతో వేధించి, ఆయన యోచనలు అతిశయములని త్రోసిపుచ్చిరి. దేశమంతట నదులను కాలువలతో ముడివేయుటలోని ఖర్చును ఆయన తేలికగా చూచెననుటలో కొంత నిజము కలదు. కాని రైలు దారి ధాన్యమును మోయగలదే గాని పండించలేదని ఆయన చెప్పిన మూలసత్యమునకు ఆ సంఘమువద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. రైళ్లున్న తాలూకాలలో సైతము జనులు చచ్చిరి.

కడపటి యేండ్లు డార్కింగు అను చిన్న పట్టణములో గడపి, లోతుగా దున్ని గోధుమ పండించు ప్రయోగములు చేయుచు, 1899 జూలై 24న, తొంబదియారవ యేట కాటను కన్నుమూసెను. గోదావరి తీరమున కొందరు బ్రాహ్మణులు స్నానసంకల్పములో ఆయన పేరు చేర్చి చెప్పుచుండిరని ప్రసిద్ధి. గ్రామగ్రామమునను గుఱ్ఱముపై కూర్చున్న ఆయన విగ్రహమును నేటికిని చూడవచ్చును. ఆయన మరణించునాటికి రాజమహేంద్రవరము కడ గోదావరిపై ఇనుపదారి వంతెన సిద్ధమగుచుండెను, 1900లో తెరువబడినది. క్రమముగా సరుకు రైలెక్కగా పడవలు తగ్గినవి, లాకులు మూలబడినవి. పాత ఆనకట్ట శిథిలమగుచుండగా 1970లో ఆరంభించి 1982లో ముగించిన క్రొత్త బారేజికి ఆయన పేరే పెట్టిరి. అదియు ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ముక్కలుగనే యున్నది. నాలుగేండ్లకే, 1986 ఆగస్టులో, అంతవరకు కనివిని యెరుగని వరద దానిపై వచ్చిపడెను. బారేజి నిలిచినది, దిగువ లంకలు మునిగినవి.