రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు

నరసరావుపేటకు పేరిచ్చిన మల్రాజువారివలెనే వాసిరెడ్డివారును గుంటూరు సీమ నేలిన జమీందారులు. ఆ వంశమున వేంకటాద్రి నాయుడుగారు 1761లో జన్మించి, 1783లో సంస్థానాధిపతులైరి. అప్పటికి వారి రాజధాని కృష్ణాతీరమందలి చింతపల్లి.

1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కుంపిణీవారి వశమయ్యెను. కుంపిణీ సిపాయిలు చింతపల్లిలో మకాము వేయుట నాయుడుగారికి రుచింపలేదు. అందుచేత 1796 ప్రాంతమున వారు ధరణికోట ప్రక్కన, అమరేశ్వరుని సన్నిధిని క్రొత్త దివాణము కట్టింపఁబూనిరి. వర్తకులను రప్పించి నివాసము లేర్పరచిరి. చిన్నపల్లె అమరావతీ పట్టణమయ్యెను.

నాయుడుగారు గొప్ప దాత. అమరేశ్వరాలయమును బాగుచేయించిరి, మంగళగిరిలో 1807-09 నడుమ పెద్ద గాలిగోపుర మెత్తించిరి, చేబ్రోలున చతుర్ముఖ బ్రహ్మకు గుడి కట్టించిరి. దోపిడులు చేయుచున్నారని చెంచులను విందునకు పిలిచి చంపించిరనియు, ఆ పాపభీతియే యీ ధర్మకార్యములకు కారణమనియు జనులు చెప్పుకొందురు.

కట్టడములకు రాయి కావలసెను. ఊరి చెంతనే దీపాలదిన్నె యను మిట్ట యుండెను. త్రవ్వగా పాలరాతివలె మెఱయు పల్నాటి సున్నపురాతి శిల్పములు బయల్పడెను. అది ప్రాచీన బౌద్ధస్తూపమని పనివాండ్రెరుఁగరు. కొన్ని రాళ్లు గోడలలో చేరెను, కొన్ని మెట్లయ్యెను, కొన్ని సున్నపు బట్టీల పాలయ్యెను. ఈ వార్త విని కుంపిణీ ఉద్యోగి కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. 1816లో మరల వచ్చునప్పటికి స్తూపము చాలవరకు చెడిపోయెను. మిగిలిన శిల్పములకు అతఁడు పటములు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ మరికొన్నిటిని త్రవ్వి తీయించెను. వానిలో పెక్కు నేడు లండను బ్రిటిష్ మ్యూజియమునం దున్నవి. చెన్నపట్టణపు ప్రదర్శనశాలయందును అమరావతీ శిల్పము లున్నవి.

నాయుడుగారికి ఔరససంతానము లేదు. జగన్నాథబాబును, రామనాథబాబును దత్తు చేసికొనిరి. వారి యనంతరము తగవు పుట్టి, లండను ప్రీవీ కౌన్సిలువరకు పోయి, 1846లో తీర్పు వచ్చెను. ఆలోపుననే సంస్థానము బాకీలలో మునిగి ప్రభుత్వము చేతిలో పడెను. ఏ దివాణముకొరకు దిన్నెను త్రవ్విరో, ఆ దివాణపు వైభవమును నిలువలేదు.

వేంకటాద్రి నాయుడుగారిని దాతగా స్మరించుట ధర్మము. వారి కాలమున తెలియక జరిగిన నష్టమును స్మరించుటయు ధర్మమే. నశించిన శిల్పములలో కొన్నిటి రూపము మెకంజీ వ్రాయించిన పటములందే నేడు మిగిలియున్నది. రాయి పోయినచోట కాగితము నిలిచెను. గ్రామమందలి పాత రాతిని, పాత కాగితమును కూడ కాపాడుకొనవలయునని అమరావతి మనకు నేర్పు పాఠము.