రెండు సముద్రాల సంగమం: దారా షికో

సింహాసనాన్ని గెలిచినవారిని చరిత్ర సులభంగా మరువదు. దానిని కోల్పోయి కూడా జ్ఞానప్రియుల హృదయాలలో నిలిచినవారు అరుదు. అట్టి అరుదైనవారిలో మొగలు యువరాజు దారా షికో ఒకడు.

షాజహాన్, ముంతాజ్ మహల్ దంపతుల జ్యేష్ఠపుత్రుడైన దారా 1615 మార్చి 20న అజ్మీరులో జన్మించాడు. తండ్రి ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ దర్గాలో పుత్రునికై ప్రార్థించిన పిమ్మట తాను పుట్టినట్లు ఆయనే వ్రాసుకొన్నాడు. లాహోరు సూఫీ మియాన్ మీర్ యెడల అపార భక్తి గలిగి, వారి శిష్యుడైన ముల్లా షా వద్ద ఖాదిరీ మార్గంలో దీక్ష గైకొన్నాడు. సూఫీ మహాత్ముల చరిత్రలను గ్రంథస్థం చేశాడు.

1653లో కాందహారు ముట్టడిలో దారా విఫలుడయ్యాడు. తిరిగి వచ్చి లాహోరులో బాబా లాల్ అనే హిందూ సాధువుతో గోష్ఠి జరిపాడు. ఓడిన సేనాని ఒక విరాగి ఎదుట జిజ్ఞాసువై కూర్చోవడం ఆయన స్వభావానికి తార్కాణం. పిమ్మట సూఫీ, వేదాంత పరిభాషలను పోల్చి 'మజ్మ ఉల్ బహ్రైన్' రచించాడు. రెండు సముద్రాల సంగమమని దాని అర్థం. 1657లో కాశీ పండితుల సహాయంతో యాభై ఉపనిషత్తులను 'సిర్రె అక్బర్' పేర పారసీకంలోనికి తెచ్చాడు. ఆయన పరధర్మ గ్రంథాలను తెరచినది స్వధర్మాన్ని విడుచుటకు గాదు, దానిని మరింత లోతుగా గ్రహించుటకే.

మన ప్రాంతానికీ ఆయనతో సంబంధమున్నది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు, కుతుబ్ షా మొరను చక్రవర్తికి విన్నవించి ముట్టడి ఎత్తివేయించినవారిలో దారా ముఖ్యుడు. తమ్మునితో గల స్పర్ధ కూడా అందుకు ఒక కారణమే.

దారా దోషరహితుడు కాడు. ముఖస్తుతికి లొంగేవాడు, అనుభవజ్ఞులైన సర్దారులను చులకన చేసేవాడు. 1658లో సామూగఢ్ యుద్ధంలో ఓడి రాజ్యభ్రష్టుడయ్యాడు. అది కేవలం మతయుద్ధం కాదు. ఉభయపక్షాల సేనలలోనూ హిందువులు, ముస్లిములు ఉండిరి.

మరుసటి సంవత్సరం పలాయనంలో భార్య నాదిరా బాను మరణించింది. ఆమె కోరిక ననుసరించి దేహాన్ని లాహోరులో మియాన్ మీర్ సమాధి చెంతకు పంపుతూ, మిగిలిన కొద్దిపాటి సైనికులను దానికి రక్షణగా ఇచ్చివేశాడు. తానొకప్పుడు ప్రాణభిక్ష పెట్టించిన మలిక్ జీవన్ చేతనే పట్టుబడ్డాడు. మతభ్రష్టుడన్న ఆరోపణపై 1659 ఆగస్టు 30న ఢిల్లీలో వధింపబడ్డాడు. హుమాయూన్ సమాధి ప్రాంగణంలో ఆయనను ఖననం చేశారు.

ఆయన గ్రంథానికి మాత్రం మరణం లేదు. ఫ్రెంచి పండితుడు ఆంకెతిల్ దుపెరాన్ ఆ పారసీకానువాదాన్ని లాటిన్‌లోనికి మార్చి 1801–02లో ప్రకటించాడు. దాని ద్వారానే జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హోవర్‌కు ఉపనిషత్తులు పరిచయమయ్యాయి.

విద్యార్థి మిత్రులారా! పొరుగువాని గ్రంథాన్ని గౌరవంతో చదివినంత మాత్రాన మన విశ్వాసం తరిగిపోదు. అయితే కేవలం గ్రంథజ్ఞానం చాలదు. తోటివారి యెడల వినయం, మాట నిలుపుకొనే దీక్ష కావాలి. మొదటిది లోపించి దారా రాజ్యం కోల్పోయాడు. రెండవదానిని, సర్వం కోల్పోయిన వేళ సైతం, ఆయన విడువలేదు.