సొంత పార్టీయే దించిన ఆంధ్రకేసరి

టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఉపాధ్యాయుడు హనుమంతరావు నాయుడు గారి అండతో చదివి, తర్వాత బారిస్టరై మద్రాసులో ఎంతో సంపాదించారు. స్వాతంత్ర్య పోరాటం కోసం ఆ ప్రాక్టీసు వదిలేశారు.

1946 ఏప్రిల్ 30న ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. గాంధీజీ రాజాజీ వైపు మొగ్గినా, కాంగ్రెసు శాసనసభ్యులు పంతులు గారినే ఎన్నుకున్నారు. కొత్త బట్టల మిల్లులకు బదులు ఖద్దరును ప్రోత్సహించాలన్నది ఆయన పట్టుదల. అది చాలామందికి నచ్చలేదు. పార్టీలో వర్గాలు పెరిగాయి. ఏడాది తిరగకుండానే, ఎన్నుకున్న సొంత పార్టీవారే ఆయనపై అవిశ్వాసం తెచ్చారు. 1947 మార్చి 23న పదవి పోయింది.

అయినా ఆయన ప్రజాజీవితం వదల్లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న కన్నుమూశారు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

మిత్రులారా! ఆనాడు ఆయన్ని దించినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు?