అద్దాలు నూరిన సంగీతకారుడు విలియం హెర్షెల్

యురేనస్‌ను కనుగొన్నది ఎవరు? ఈ ఒక్క మార్కు బిట్టుకు మేమంతా హెర్షెల్ అని రాసి వచ్చినవాళ్ళమే. ఆ మార్కు వెనుక ఎంత చాకిరీ ఉందో పీజీకి వచ్చాక గానీ మాకు తెలియలేదు.

హెర్షెల్ 1738 నవంబరు 15న జర్మనీలోని హానోవర్‌లో జన్మించారు. తండ్రి సైనిక బ్యాండులో వాద్యకారుడు. 1757లో ఇంగ్లాండు చేరి సంగీతం చెప్పుకుని బతికారు. ఖగోళశాస్త్రంలో ఏ డిగ్రీ లేదు. పెద్ద దూరదర్శిని కొనే స్తోమత లేక 1773లో బాత్ పట్టణంలో తానే అద్దాలు చేయడం మొదలుపెట్టారు.

అప్పటి అద్దం గాజుది కాదు. రాగి, తగరం కలిపి పోత పోసిన లోహపు బిళ్ళ. దాన్ని గుంటగా అరగదీసి, తారులాంటి పిచ్ పూసిన పనిముట్టుతో పాలిష్ పట్టాలి. చెయ్యి ఆపితే ఆకృతి చెడుతుందని ఒకసారి 16 గంటలు ఏకధాటిగా పట్టారు. చెల్లెలు కరోలిన్ నోటికి ముద్దలు అందించారు. పోత మూసల కోసం గుర్రపు పేడ దంచి జల్లెడ పట్టిందీ ఆమే. 1781లో 3 అడుగుల అద్దం పోస్తుంటే కరిగిన లోహం కారి, నేలమీది బండలు పేలి ఎగిరాయి. అందరూ బయటకు పరుగెత్తారు.

అదే ఏడాది మార్చి 13 రాత్రి, 6 అంగుళాల పైచిలుకు అద్దంతో ఇంటి తోటలోంచి చూస్తుండగా యురేనస్ కనబడింది. మరుసటి ఏడు రాజు ఏటా 200 పౌన్లు ఇచ్చారు.

అసలు కష్టం అద్దాన్ని కాపాడుకోవడం. చెమ్మకు లోహం మసకబారుతుంది. మళ్ళీ పాలిష్ పడితే ఆకృతి మారవచ్చు. అంటే ప్రతి మరమ్మతూ కొత్తగా అద్దం చేయడమంత పని! అందుకే 1789లో పూర్తయిన 40 అడుగుల దూరదర్శినికి రెండు అద్దాలు చేశారు. ఒకటి పాలిష్‌లో ఉంటే ఇంకొకటి వాడుకోవచ్చు. వెడల్పు 48 అంగుళాలు. మన ఉస్మానియా వారి రంగాపూర్ దూరదర్శినిదీ అదే కొలత. గాజు అద్దాలకైతే పాత పూత కడిగేసి కొత్తది వేస్తే చాలు, ఆకృతి చెక్కుచెదరదు. హెర్షెల్‌కు ఆ వీలు లేదు. పెద్ద అద్దం తరచూ మసకబారేది, ఎక్కువ పరిశీలనలు 20 అడుగుల దూరదర్శినితోనే చేశారు.

కరోలిన్‌కు 1787 నుంచి రాజు ఏటా 50 పౌన్లు ఇచ్చారు. ఆమె ఎనిమిది తోకచుక్కలు కనుగొన్నారు. మా బిట్టు పేపర్లలో ఆమె పేరు ఎన్నడూ రాలేదు, రావాల్సిందని మా అభిప్రాయం.

హెర్షెల్ 1822 ఆగస్టు 25న మరణించారు. పాతబడిన 40 అడుగుల దూరదర్శినిని 1839లో కుమారుడు జాన్ విప్పించారు. గొట్టాన్ని నేలమీద పడుకోబెట్టి, కుటుంబమంతా లోపల చేరి, జాన్ కట్టిన పాట పాడుకున్నారు.